సొరంగములకై కఠినశిలను భేదించు విధములు

బావి త్రవ్వించిన రైతునకు రాతి సంగతి కొంత తెలిసియే యుండును. మన్నును మొరమును పోవువఱకు పని చురుకుగా సాగును. గట్టి బండ తగిలిన నాటినుండి దినమునకు జానెడు దిగుటయు కష్టమగును. కూలి ఖర్చు మాత్రము నిలువదు. అరువది అడుగుల బావి విషయమే యిట్లుండగా, కొండకు ఈవలనున్న నీటిని ఆవలి పొలములకు తెచ్చుటకై మైళ్లకొలది శిలను తొలిచి చేయు సొరంగముల శ్రమ యెంతటిదో ఊహింపవచ్చును.

నల్లగొండ, ప్రకాశము మున్నగు జిల్లాల మెట్టరైతులు బహుకాలముగా ఎదురుచూచిన కృష్ణాజలము అట్టి సొరంగముల గుండనే రావలసినది. “ఇన్ని యేండ్లేల పట్టవలెను? యంత్రములు లేవా? మందుగుండు లేదా?” అని సంఘసభ్యులు పలువురు అడుగుచుందురు. అడుగుట న్యాయమే. కాని శిల యెట్టిదో, దానిని మనుష్యుడు ఏయే విధముల భేదింప నేర్చుకొనెనో తెలిసినగాని ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు. ఆ సంగతులను రైతు సోదరులకు తేటపడునట్లు ఇచట వివరించుచున్నాను.

శిల బలము, శిల బలహీనత

గ్రానైటు మిక్కిలి గట్టిరాయి. ఒక చదరపు అంగుళము మేర గ్రానైటును నలుగగొట్టవలెనన్న దానిపై ఆరేడు టన్నులు మొదలు పదునైదు టన్నులవఱకు భారము మోపవలసి యుండును. మన దేవాలయ స్తంభములు వందలయేండ్లుగా చెక్కుచెదరక నిలుచుటకు కారణ మిదియే. కాని అదే రాతిని నలుపక, ఇరుప్రక్కలకు లాగి చీల్చదలచినచో, అందు పదియవవంతో ఇరువదియవవంతో బలము చాలును. అనగా రాయి అణచివేతకు ఓర్చును గాని లాగుడుకు ఓర్వదు.

ఈ రహస్యము ఇంజనీర్లకంటె ముందుగా మన వడ్డెరవారికి తెలియును. వారు బండపై ఒక వరుసలో చిన్న గుంటలు చేసి, వానిలో ఇనుప చీలలు దిగవేసి, ఒక్కొక్కదానిపై సమ్మెటతో వరుసగా కొట్టుకొనుచు పోవుదురు. ఏ దెబ్బయు పెద్దది కాదు. అన్ని చీలలును ఒక్క రీతిగా బిగిసిన పిమ్మట బండ గీత గీచినట్లు రెండుగా విడిపోవును. చీల రాతిని నలుపుట లేదు, ఇరుప్రక్కలకు త్రోయుచున్నది.

రెండవ బలహీనత శిలలోనే యుండును. ఏ కొండయు ఒకే ముద్దగా నుండదు. పొరలు, నెఱ్ఱెలు, బీటలు, నీరు నడచు సందులు, నలిగి పొడియైన పట్టీలు ఎన్నియో లోపల దాగియుండును. ఇవి త్రవ్వువానికి ఒకచోట సాయముచేయును; మఱియొకచోట ప్రాణాపాయము తెచ్చును. ఇకముందు చెప్పబోవు పద్ధతులన్నియు ఈ రెండు సంగతులపైననే ఆధారపడి యున్నవని చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఉలియు, నిప్పును

తొలినాటి గొప్ప సొరంగములలో పెక్కులు నీటికొఱకు త్రవ్వబడినవే. గ్రీకుదేశమున సామోస్ ద్వీపములో క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దమున యూపలీనసు అను శిల్పి ఒక పట్టణమునకు ఊటనీరు తెచ్చుటకై కొండక్రింద 1036 మీటర్ల పొడవు సొరంగమును త్రవ్వించెను. పనివారు రెండు కొనలనుండి సుత్తియు ఉలియు మాత్రమే సాధనములుగా సున్నపురాతిని తొలిచికొనుచు వచ్చి కొండనడుమ కలిసికొనిరి. ఆ సొరంగము నేటికిని చూడదగినదై నిలిచియున్నది.

సున్నపురాయి ఉలికి లొంగును. గ్రానైటువంటి రాతికి మాత్రము ప్రాచీనులు నిప్పును ఉపయోగించిరి. రాతిముఖమునకు కట్టెలు పేర్చి కాల్చుదురు. ఎండ తగిలిన నేల పైపొర బిగిసి బీటలు తీయుటను మనము ఎఱుగుదుము గదా; శిలలోను వేడెక్కిన పైభాగము వ్యాకోచించి, చల్లగానున్న లోభాగమునుండి విడిపోవును. వెంటనే నీరు చల్లినచో బీటలు ఇంకను పెరుగును. తరువాత గునపముతో పెల్లలుగా ఊడదీయుదురు. జర్మనీదేశపు అగ్రికోలా 1556లో అచ్చయిన తన గనుల గ్రంథమున ఈ పద్ధతిని వివరించెను.

మన దక్కనునందును ఇది ప్రాచీనమైనదే. పూర్వము హైదరాబాదు రాజ్యమునకు చేరియుండి నేడు కర్ణాటకలోనున్న హట్టి బంగారుగనులలో, ఇటీవలి గనివారు దిగుటకు బహుపూర్వమే, ప్రాచీనులు 600 అడుగులకు పైగా లోతునకు పోయిన త్రవ్వకములు కనబడినవి. అచట నిప్పుతోనే రాతిని పగులగొట్టిన జాడలున్నవి. దక్షిణదేశపు గ్రానైటు గనులలో బండపై నిప్పును సన్నని వరుసగా పేర్చి, మెల్లమెల్లగా ముందునకు జరుపుచు, పలుచని పెద్ద పలకలను లేపు పనితనము నిన్నమొన్నటివఱకు ఉండెను. పనివాడు సుత్తితో తట్టి శబ్దమును వినును. బోలుశబ్దము వచ్చిన మేర పలక విడిపోయినదని నిశ్చయించి నిప్పును జరుపును.

ఐనను సొరంగములో నిప్పుపెట్టుట మహాకష్టము. పొగ పోవుటకు మార్గముండదు. కట్టెలకై అడవులు తరిగిపోవును. పనియు మిక్కిలి మెల్లగా సాగును.

మందుగుండు

యుద్ధములకు మాత్రమే పనికివచ్చుచుండిన నల్లమందును గనులలో మొదట వాడినట్లు వ్రాతమూలముగా తెలియునది 1627వ సంవత్సరమున. నాటి హంగరీ రాజ్యములోని షెమ్నిట్జ్ గనులయందు కాస్పర్ వైండ్ల్ అనువాడు ఈ పని చేసెను. ఆ ఊరు నేడు స్లొవేకియా దేశములో నున్నది.

మందు రాతిని ఎట్లు పగులగొట్టును? బండపై మందును కుప్పపోసి అంటించిన మంట లేచి పోవునే గాని రాయి కదలదు. రాతిలో లోతైన రంధ్రము చేసి, అడుగున మందు నింపి, పైన బంకమన్ను దట్టించి మూసినచో, పుట్టిన వాయువునకు వెలికిపోవు దారి లేక శిలను చుట్టును త్రోయును. ప్రేలుడు అదరు శిలలో అలవలె పరుగెత్తి, ఎదుటి వెలిముఖము తాకి వెనుకకు మరలునపుడు రాతిని లోనుండి లాగినట్లగును. లాగుడుకు ఓర్వని రాయి పగులును. ఆ పగుళ్లలోనికి వాయువు దూరి పెల్లలను ఊడద్రోయును. వడ్డెరవాని చీల చేయు పనినే మందు రెప్పపాటులో చేయుచున్నదన్నమాట. కనుకనే మందు చాలినంత యుండుటకంటె, పగిలిన రాయి జరుగుటకు ఎదుట తెరపి యుండుట ముఖ్యము. తెరపి లేనిచోట ఎంత మందు పెట్టినను వృథా.

తొలుత వత్తులు నమ్మదగినవి కావు. గడ్డిపోచలలో మందు నింపి అంటించెడివారు. అది కొన్నిమారులు క్షణములో కాలును. కొన్నిమారులు ఆఱినట్లుండి, మనుష్యుడు దగ్గఱకు పోగానే ప్రేలును. 1831లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాసి విలియం బిక్‌ఫర్డ్ ఒక్క రీతిగా కాలు వత్తిని కనిపెట్టి ఎందఱి ప్రాణములనో కాపాడెను. 1847లో ఇటలీ శాస్త్రజ్ఞుడు సొబ్రేరో నైట్రోగ్లిసరిను అను ఉగ్రమైన ద్రవమును చేసెను. అది కొంచెము కుదిపినను ప్రేలునది. స్వీడన్ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ నోబెల్ దానిని లొంగదీయ బూనుకొని, 1864లో జరిగిన ప్రేలుడులో తన తమ్ముని కోల్పోయెను. ఆ ద్రవమును ఒక జాతి సుద్దమట్టిలో ఇంకించి ముద్దచేసినచో కుదుపునకు ప్రేలదని కనుగొని 1867లో డైనమైటును లోకమున కిచ్చెను. నేడు సొరంగములలో దానికి బదులు నీరు కలిసిన ఎమల్షను మందులు వాడుకలోనికి వచ్చినవి. ఇవి ఇంకను నిలుకడ గలవి.

గాలిబలముతో రంధ్రములు

మందు దొరకినను రంధ్రము చేయవలసినది చేతులే. ఒకడు ఉక్కుకడ్డీని పట్టి త్రిప్పుచుండ, మఱియొకడు సమ్మెటతో కొట్టవలెను. ఫ్రాన్సు ఇటలీల నడుమనున్న ఆల్ప్సు కొండలక్రింద సుమారు 8 మైళ్ల మోన్ సెనీ సొరంగమును 1857లో ఈ విధముగానే ఆరంభించిరి. చేతిపనియే సాగియున్నచో ఒక తరము పట్టియుండును. జెర్మేన్ సొమెయ్యే అను ఇంజనీరు కొండవాగుల నీటిబలముతో గాలిని అదిమి, గొట్టముల ద్వారా లోపలికి పంపి, ఆ గాలితో సమ్మెటపోటు పొడుచు యంత్రములను 1861నుండి నడపెను. వాడిన గాలి లోపలనే వెలువడుటచే పనివారికి ఊపిరియు దొరకెను. 1871లో సొరంగము తెరవబడెను. సొమెయ్యే ఆ దినమును చూడక కొన్ని వారములకు ముందే మరణించెను.

మన దక్షిణదేశపు రైతులకు పరిచితమైన ఉదాహరణము పెరియారు. పడమటికి ప్రవహించి సముద్రమున కలియు నీటిని తూర్పున మధుర సీమ పొలములకు త్రిప్పుటకై పెన్నీకుయిక్ దొర ఆధ్వర్యమున కట్టిన ఆనకట్ట 1895లో పూర్తియయ్యెను. ఆ నీరు మైలునకు పైగా పొడవుగల సొరంగము గుండ పడమటి కనుమలను దాటుచున్నది. ఒక కొండను తొలిచిన మాత్రమున కఱవుసీమ వరిపొలమైన తీరు అచట చూడవచ్చును.

అయితే ఈ పనుల మూల్యము ధనముతో పోలేదు. స్విట్జర్లండులో 1872నుండి 1882వఱకు త్రవ్విన గొత్తార్డ్ రైలు సొరంగమున సుమారు 200 మంది మరణించిరి. తడిగా, వెచ్చగా, మురికిగా నున్న ఆ నేలపై పనిచేసినవారికి రక్తహీనత ప్రబలెను. దానికి కారణము కొంకిపురుగు అని నాటి వైద్యులు కనుగొనిరి. మన పొలములలో చెప్పులు లేక తిరుగువారిని పీడించిన పురుగే అది.

ఇంకను ఘోరమైనది ధూళి. పలుగురాయి కలసిన శిలను పొడిగా తొలిచినపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి మరల బయటికి రాదు. అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో 1930, 1931 సంవత్సరములందు హాక్స్ నెస్ట్ అనుచోట సుమారు మూడు మైళ్ల నీటిసొరంగమును తొందరపడి పొడిగా తొలిపించిరి. వందలకొలది కూలీలు ఊపిరి ఆడక మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు పేద నీగ్రోజాతివారు. కడ్డీ నడుమనుండి రంధ్రములోనికి నీరు పంపినచో ఆ ధూళి బురదయై దిగిపోయెడిది. ఉపాయము తెలియకపోలేదు, నీరు పెట్టిన పని కొంచెము మందగించునని మానిరి.

నేటి ప్రేలుడు పద్ధతి

నేటికిని ప్రపంచమున చాల సొరంగములు మందుతోనే త్రవ్వబడుచున్నవి. దాని క్రమమిది. మొదట రాతిముఖముపై రంధ్రముల స్థానములు గుర్తింతురు. యంత్రములు నీటితో తడుపుచు పది పండ్రెండు అడుగుల లోతు రంధ్రములు తొలుచును. నడుమ కొన్ని రంధ్రములను మందు లేక ఖాళీగా విడుతురు. వాని చుట్టునున్నవి మొదట ప్రేలి, ఆ ఖాళీలోనికి రాతిని త్రోసి గుంటచేయును. ముందు చెప్పిన తెరపి ఇదియే. పిదప దానిచుట్టునున్న వరుసలు, చివరకు అంచున నున్నవి, సెకనులో చిన్న చిన్న భాగముల ఎడముతో ప్రేలును. అంచు రంధ్రములలో మందు తక్కువగా పెట్టుదురు. అట్లుకానిచో నిలువవలసిన గోడయు పైకప్పును సడలిపోవును.

ప్రేలిన పిదప విషవాయువులు పోవువఱకు గాలియంత్రములు నడపవలెను. తరువాత పైన వ్రేలాడు పెల్లలను రాల్చి, పడిన రాతిని ఎత్తి, బలహీనమైనచోట్ల శిలలోనికి ఇనుపకడ్డీలు దిగవేసి, సన్నకంకర కలిపిన సిమెంటును చిమ్మి బిగింతురు. ఇంతయు ముగిసినగాని మఱల రంధ్రములు తొలువరాదు. ఒక్కొక్క చుట్టునకు పది అడుగులు సాగుట సామాన్యము. ఈ పద్ధతి మెల్లనైనదే. కాని ప్రతి చుట్టునందును మనుష్యుడు క్రొత్త రాతిముఖమును కంటితో చూచును. రాయి మారిన వెంటనే మందును, కడ్డీలను, లోతును మార్చుకొనును.

శిలను కొఱుకు యంత్రము

మందు లేకయే సొరంగమంతటిని ఒకేమారు గుండ్రముగ తొలుచు యంత్రమును చేయవలెనన్న తలంపు పాతదే. అమెరికాలోని హూసాక్ సొరంగమున 1853లో విల్సన్ అనువాని యంత్రమును ప్రయోగించిరి. అది సుమారు 10 అడుగులు తొలిచి ఆగిపోయెను. కడకు ఆ సొరంగము మందుతోనే ముగిసి, సుమారు రెండువందల ప్రాణములను బలిగొని, 1875లో రైలునకు తెరవబడెను.

నూఱేండ్ల తరువాత, 1956లో, జేమ్స్ రాబిన్స్ అను ఇంజనీరు కెనడాదేశపు టొరంటో నగరములో ఉక్కుచక్రములతో మాత్రమే రాతిని తొలిచి చూపెను. నేటి యంత్రములకు మూలమిదియే. సొరంగమంత వెడల్పుగల గుండ్రని తల. దానిపై గట్టి ఉక్కుచక్రములు డజన్లకొలది. ఒక్కొక్క చక్రమును ఇరువదియైదు టన్నుల ఒత్తిడితో శిలకు అదిమి తలను త్రిప్పుదురు. చక్రములు రాతిని అరగదీయుట లేదు. జానెడు కంటె తక్కువ ఎడముతో ప్రక్కప్రక్కన గాడులు చేయుచు పోగా, రెండు గాడుల నడుమనున్న రాయి లోనుండి చీలి చిప్పలుగా ఊడిపడును. ఇచటను పనిచేయుచున్నది ఆ పాత సూత్రమే.

ఒక్క తీరు గట్టిరాతిలో ఈ యంత్రమునకు సాటి లేదు. గోడలు నున్నగా వచ్చును. చుట్టుప్రక్కల శిల అదరదు. కాని దీని లోపములును తెలియవలెను. పలుగురాయి అధికముగా నున్నచో చక్రములు త్వరగా అరిగిపోవును. వందలాది అడుగుల పొడవైన ఈ యంత్రమునకు వెనుకకు మరలుట సులభము కాదు. ముందు నలిగిన రాయియో, నీటిసందో తగిలినచో తల బిగిసిపోవును. అన్నిటికంటె ముఖ్యము, తల రాతిముఖమును కప్పివేయుటచే ఎదుట నేమున్నదో మనుష్యుడు చూడలేడు.

దీనికి విరుగుడు ముందుగా పరీక్షించుట. స్విట్జర్లండులో 2016లో తెరచిన 57 కిలోమీటర్ల క్రొత్త గొత్తార్డ్ సొరంగము ఇందుకు మంచి దృష్టాంతము. దారిలో పియోరా అనుచోట పంచదారవలె పొడియగు తడిరాయి యుండునని భయపడి, అసలు పనికి ముందే అయిదు కిలోమీటర్లకు పైగా పరీక్షా సొరంగమును త్రవ్వి, అచటినుండి లోతునకు బోరులు వేసి చూచిరి. సొరంగము పోవు మట్టమున రాయి గట్టిగానే యున్నదని తెలిసిన పిదపనే ముందునకు సాగిరి. ఆ సొరంగములలో సగమునకు పైగా యంత్రముతోను, శిల నలిగి ఒరుగుచున్న సెద్రున్ వంటి భాగములలో మందుతోను త్రవ్విరి. ఇది యంత్రమునకు ఓటమి కాదు. ఏ రాతికి ఏ పనిముట్టో ఎఱిగి చేసిన పని.

మన నల్లమల

ఇక మన రైతుల ప్రశ్నకు వచ్చెదము. నల్లమల కొండలలో పలుగురాతి జాతి కఠినశిలలును, పలకరాతి పొరలును, ఆవల గ్రానైటును కలవు. శ్రీశైలము జలాశయమునుండి ప్రకాశము, నెల్లూరు, కడప సీమలకు నీరిచ్చుటకై తలపెట్టిన వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. ఉద్దేశింపబడిన సాగు 4 లక్షల 47 వేల ఎకరములు. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు గల రెండు సొరంగములలో మొదటిదాని త్రవ్వకము 2021లోను, రెండవది 2024లోను ముగిసెను. శంకుస్థాపన నాడు పుట్టిన శిశువునకు రెండవ సొరంగము ముగియునాటికి ఇరువదియెనిమిదవ యేడు నడచుచుండెను.

నల్లగొండ వైపు సంగతి ఇంకను కఠినము. శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము పొడవు 43.93 కిలోమీటర్లు. పైన పులులకై కాపాడబడుచున్న అభయారణ్యము ఉండుటచే నడుమ ఎచటను నిలువు గోతులు దింపుటకు వీలులేదు. కావున దోమలపెంట వైపునుండి ఒకటి, మన్నెవారిపల్లి వైపునుండి ఒకటి, రెండు యంత్రములు ఎదురెదురుగా తొలువవలసివచ్చెను. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన గ్రామములకు త్రాగునీరును, లక్షల ఎకరములకు సాగునీరును దీనిచే రావలసియున్నవి.

2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున దోమలపెంట వైపునుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి, నీరును బురదయు ఒక్కుమ్మడిగా విరుచుకుపడెను. ఎనమండుగురు లోపల చిక్కుకొనిరి. వారు ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకాశ్మీరములనుండి మన పొలముల నీటికై పనిచేయ వచ్చినవారు. వారాలకొలది వెదకినను ఆ నెలలలో ఇరువురి దేహములు మాత్రమే లభించినవి. అటుపిమ్మట మిగిలిన తొమ్మిది కిలోమీటర్లకు పైబడిన భాగమును యంత్రముతో గాక మందుతో త్రవ్వ నిశ్చయించిరి. 2025 నవంబరులో హెలికాప్టరునుండి విద్యుదయస్కాంత సాధనముతో కొండలోపలి బలహీన పట్టీలను, నీటిజాడలను పరీక్షించు పనియు ఆరంభమయ్యెను.

చేతిపని పాతబడినదని తలచువారు ఉత్తరాఖండమును స్మరింపవలెను. 2023 నవంబరు 12న సిల్‌క్యారా సొరంగములో కొంతమేర కూలి 41 మంది లోపల నిలిచిపోయిరి. శిథిలములగుండ గొట్టము త్రోయుచున్న యంత్రము పదిపండ్రెండు మీటర్లు మిగిలియుండగా విఱిగిపోయెను. అపుడు బొగ్గుగనుల ఇఱుకు సందులలో త్రవ్వుట తెలిసిన పేద పనివారు గొట్టములో ప్రాకి, చేతిపనిముట్లతో మన్ను తీసి, నవంబరు 28న అందఱిని సజీవులుగా వెలికి తెచ్చిరి.

కావున “ఇన్ని యేండ్లేల?” అను ప్రశ్నకు సమాధానము రెండు భాగములు. ధనము లేక, నిర్ణయములు జరుగక గడచిన కాలమునకు అధికారులు జవాబుదారులు. దానిని రైతులు గట్టిగా అడుగవచ్చును. శిలను పరీక్షించుటకు, పైకప్పు బిగించుటకు, గాలి ఆడించుటకు పట్టు కాలము మాత్రము వృథాకాలము కాదు. ఆ కాలమును తగ్గించుమని మనము తొందరపెట్టరాదు. తగ్గించినచో దాని వెల కట్టువాడు సొరంగములోనున్న కూలివాడే.

బావి త్రవ్వించు రైతులకు

ఇదే నీతి మన బావులకును వర్తించును. కఠినశిలా ప్రాంతమున నీరు రాతిలో నుండదు. రాతి నెఱ్ఱెలలో నుండును. నెఱ్ఱె లేని బండను ఎంత పగులగొట్టినను ఎండుగోయియే మిగులును. ముందుగా భూగర్భజల శాఖవారిచే పరీక్ష చేయించి, పిదప ఖర్చునకు పూనుకొనవలెను.

మందు వాడక తప్పనపుడు లైసెన్సు గల ప్రేలుడు పనివానినే పిలువవలెను. దొంగచాటుగా దొరకు తూటాలు కొనుట నేరమే గాక ప్రాణాంతకము. మందును, డిటొనేటర్లను ఇంటిలోను పశువులపాకలోను దాచరాదు. ప్రేలని తూటాను లాగుటగాని, పాత రంధ్రపు అడుగున మరల తొలుచుటగాని ఎన్నటికిని చేయరాదు. ఆ పని తెలిసినవానికే విడువవలెను. ప్రేలిన పిదప గాలి చక్కగా ఆడువఱకు బావిలోనికి ఎవరును దిగరాదు. పొగతో పుట్టు ఒక విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. దీపము వెలిగినంత మాత్రమున అది లేదని నమ్మరాదు. బావిలోపల డీజిలు ఇంజను నడిపినను అదే వాయువు నిండును. లోపల ఒకడు సొమ్మసిల్లినచో రెండవవాడు దిగరాదు. ఒకనికై ఒకడు దిగి ముగ్గురు నలుగురు మరణించిన ఇండ్లు మన జిల్లాలలో లేకపోలేదు. రంధ్రములు తొలుచునపుడు నీరు పోసి తొలిపింపవలెను. హాక్స్ నెస్ట్ కూలీలను చంపిన ధూళియే మన బావిలోను లేచును.

ఇండ్ల దగ్గఱ, పొరుగువారి బావి దగ్గఱ మందునకు బదులు మఱియొక మార్గము కలదు. కాల్చిన సున్నపురాయిపై నీరు పోసిన పొంగుట మన మెఱిగినదే. అట్టి పొంగుడుగుణము గల పొడి నేడు అంగళ్లలో దొరకును. దానిని నీటితో కలిపి రంధ్రములలో పోసినచో ఒక దినములో మెల్లగా పొంగి, శబ్దమైనను లేక బండను చీల్చును. ఖర్చు కొంత యెక్కువ. అదరును, ఎగిరిపడు రాళ్లును ఉండవు. కండ్లలో పడకుండ కాపాడుకొనవలెను. పోసిన పిమ్మట రంధ్రముపై తొంగిచూడరాదు, ఒక్కొక్కపుడు అది పైకి చిమ్మును.

ఒక్కొక్క రైతు విడివిడిగా కంప్రెసరును, పనివానిని పిలిపించుకొనుటచే ఖర్చు పెరుగును; ఖర్చు తగ్గించుకొనబోయి పని తెలియనివానిని పిలుచుటయు జరుగును. ఒకే గ్రామమున బావులు త్రవ్వించువారు పదిమంది కలిసి, సంఘము ద్వారా ఒకే మారు పరీక్షయు, యంత్రమును, లైసెన్సు గల పనివానిని ఏర్పాటు చేసికొనినచో ఖర్చును తగ్గును, ప్రాణభయమును తగ్గును. వేసవి పనులు ఆరంభించుటకు ముందు జరుగు సభలోనే సభ్యులు ఈ విషయమును చర్చించి, పేర్లు వ్రాయించుకొనుట మంచిది.